ఏరుపిడకల గంప

మా అత్తయ్య కాచిన పాలు తాగనివాళ్లకు ఎర్రపాల రుచి చెప్పడం కష్టం. పొద్దున్న పితికిన గేదెపాలు కుండలో పోసి, పెరట్లో దాలిలో పెట్టేది. దాలి అంటే నేలలో తవ్విన గుంట పొయ్యి. అందులో మంట ఉండదు, పిడకల నిప్పు రాజుకుంటూ ఉంటుంది, అంతే. సాయంత్రానికి పాలు పొంగకుండా, మాడకుండా ఇటుక రంగుకు వచ్చేవి. పైన మీగడ రొట్టెలా కట్టేది.

ఆ దాలికి చేత్తో కొట్టిన పిడకలు పనికిరావని అత్తయ్య నమ్మకం. ఏరుపిడకలే కావాలి. పశువులు మేసేచోట వేసిన పేడ ఎవరూ ముట్టుకోకుండా ఎండలో తనంతట తాను ఎండితే అది ఏరుపిడక. ఏరి తెచ్చుకోవడమే, చేసేదేం లేదు. "చేత్తో కొట్టింది గబగబా మండిపోద్ది. ఏరుపిడక ఓర్పుగా కాల్తాది," అనేది. అత్తయ్య మా నాన్నగారి అక్క. మావయ్య పోయాక మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన నెలకే ఇల్లంతా ఆవిడ చేతిలోకి వెళ్లిపోయింది. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

మా ఊరి రేవుకు ఎదురుగా, గోదావరి రెండు పాయల మధ్య ఒక లంక ఉంది. వరద తీసి ఒండ్రు ఆరగానే దాని నిండా పచ్చిక లేస్తుంది. ఊళ్లో గేదెలన్నీ పాయ ఈదుకుంటూ వెళ్లి అక్కడే మేస్తాయి. వాటి వెనకే నావలో గంపలతో ఆడవాళ్లు వెళతారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను రాజమండ్రిలో ఎమ్మెస్సీ జువాలజీలో చేరాను. అప్పటికి ఏడాది ముందే లంకలో ఏరుపిడకలు ఎన్నడూ లేనంతగా దొరకడం మొదలైంది. అంతకుముందు పేడ వేసిన నాలుగైదు రోజులకే తూట్లుపడి, పొడిపొడిగా రాలిపోయి, మట్టిలో కలిసిపోయేది. ఏరడానికి పదింటిలో ఒకటి మిగిలితే గొప్ప. ఇప్పుడు ఏ మూల చూసినా అప్పాల్లా గుండ్రంగా పడి ఉండేవి. అత్తయ్య గంప మీద గంప తెచ్చి వసారా నిండా పేర్చింది.

"గోదారి తల్లి దయ కాకపోతే ఏంటే ఇది? మనం వెళ్లేలోపు పురుగులు తినేసేవి. ఇప్పుడు ఎలా వేసింది అలాగే ఉంటంది," అని వచ్చినవాళ్లకల్లా చూపించేది.

నేను పుస్తకంలోంచి తలెత్తకుండా ఊఁ కొట్టేదాన్ని. అప్పట్లో నా సంభాషణంతా దాదాపు అంతే. బస్సులో కిటికీ పక్క సీటు, లైబ్రరీ నవల, క్లాసులో వెనక బెంచీ, సాయంత్రం ఇంటికొచ్చి డైరీ. నలుగురిలో నోరు విప్పడం నా వల్ల అయ్యేది కాదు.

ఒకరోజు మా ఎకాలజీ మేడమ్ పాఠం మధ్యలో ఒక మాట అన్నారు. పశువుకు పొడిచిన మందు పశువు ఒంట్లోనే అయిపోదు. కొన్ని మందులు చాలావరకు పేడలో బయటికొస్తాయి. పశువు కడుపులో పురుగును చంపిన మందు, బయట పేడలో బతికే పురుగును మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? "మీలో ఇంట్లో పశువులున్నవాళ్లు ఎవరు?" అని అడిగారు. నేను చెయ్యెత్తలేదు.

సాయంత్రం బస్సు ధవళేశ్వరం ఆనకట్ట మీద వెళుతుంటే పుస్తకం తెరిచాను కానీ ఒక్క వాక్యమూ ఎక్కలేదు. రెండేళ్ల క్రితం మా పాల సొసైటీవాళ్లు కొత్త ఇంజెక్షన్ తెప్పించారు. కడుపులో పురుగులూ పోతాయి, ఒంటి మీద పిడుదులూ రాలిపోతాయి. ఏటా వరదకు ముందోసారి, వరద తర్వాత ఓసారి ఊళ్లో పశువులన్నిటికీ ఒకేరోజు వేసేవారు. అత్తయ్య ఏరుపిడకలు పెరిగింది కూడా ఆ రెండేళ్లుగానే.

మర్నాడు క్లాసు అయ్యాక మేడమ్ గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. చాలాసేపే నిలబడి ఉంటాను.

"లోపలికి రా. చెప్పాల్సింది నాకు చెప్పు, తలుపుకి కాదు," అన్నారావిడ.

చెప్పాను. పిడకల సంగతి విని ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "నీ ప్రాజెక్టు దొరికేసిందోయ్," అన్నారు. ఇన్నేళ్ల చదువులో నా మాట విని ఎవరైనా పెన్ను కింద పెట్టడం అదే మొదటిసారి.

పని చెప్పుకోవడానికి తేలిక. మందు వేసిన గేదెల పేడ కొంత, వేయని గేదెల పేడ కొంత తాజాగా తెచ్చి, ఒకే కొలతతో లంకలో పెట్టాలి. ఏది ఎలా మారుతుందో చూడాలి. ఆ ఏడు వరద తర్వాత ఇంజెక్షన్లు వేసినప్పుడు మా గేదెలను మాత్రం కొన్నాళ్లు వదిలేయమని నాన్నగారిని బతిమాలాను.

"పేడ మోయడానికా అమ్మా నిన్ను రాజమండ్రి పంపింది?" అన్నారు నాన్నగారు. నవ్వుతూనే అన్నారు. నావవాడితో మాట్లాడి నా పేడ గమేళాలకు చోటు కూడా ఆయనే ఇప్పించారు.

మా వీధి ఆడవాళ్లకు అది చాలా రోజులకు సరిపడా వినోదం.

"ఏమ్మా, లంకలో పేడ తక్కువైందా, ఊళ్లోంచి మోసుకెళ్తన్నావు?" అంది నావలో ఎదురుగా కూర్చున్న పక్కింటి పిన్ని.

"పెళ్లికి పాలు కాయాలి గదా, ఇప్పట్నించే పోగేసుకుంటంది," అంది ఇంకొకావిడ.

నేను నీళ్లలోకి చూస్తూ కూర్చున్నాను.

లంకలో ఒక చదునైన చోటు చూసుకుని, ఇంట్లో పాతగిన్నెతో కొలిచి పేడ పెట్టాను. ఒక్కోదాని పక్కన ఒక పుల్ల గుచ్చాను. మందు వేసిన పేడకు ఎర్రగుడ్డ పీలిక, వేయనిదానికి తెల్లది. పుల్ల గుచ్చడం గురించి నాకేం బెంగ లేదు. మా వైపు పేడ మీద పుల్ల గుచ్చితే అది ఒకరి సొంతమైపోయినట్టే లెక్క. గంప ఖాళీ లేనప్పుడు ఆడవాళ్లు అలా గుర్తుపెట్టి వెళ్లిపోతారు. ఇంకొకరు ముట్టుకోరు. ఎంత పేచీకోరు మనిషైనా సరే, పుల్ల ఉన్న పేడ జోలికి పోదు. ఆ మర్యాదే నా ప్రాజెక్టుకు కాపలా అనుకున్నాను.

ఆ తర్వాత వారం ప్రాక్టికల్ పరీక్షలు. రాజమండ్రిలో స్నేహితురాలి ఇంట్లో ఉండిపోయాను. అవి కాగానే తిన్నగా లంకకు వెళదామని ఆదరాబాదరాగా ఊరు చేరాను. గుమ్మంలోనే అత్తయ్య ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"రా రా. నీ సరుకు భద్రంగా తెచ్చేశాను."

"ఏం సరుకు?"

వసారాలో, తన పిడకల వరసకు కాస్త ఎడంగా, పాత చీర పరిచి వాటిని పేర్చింది. నా పేడ. నా ప్రాజెక్టు. పక్కనే పుల్లలన్నీ కట్టగట్టి పెట్టింది, ఎర్రగుడ్డలూ తెల్లగుడ్డలూ కలిపి.

"రేవులో అందరూ నీ పుల్లల గురించే కబుర్లు. ఎవరి కన్ను పడుద్దో అని నేనే వెళ్లి ఏరుకొచ్చాను. చదువుకునే పిల్లవి, నువ్వెక్కడ మోస్తావు?"

నాకు ఏడుపొచ్చింది. పుల్ల ఉంటే పరాయివాళ్లు ముట్టుకోరనుకున్నాను కానీ, నావి తెచ్చిపెట్టే హక్కు మా అత్తయ్యకు ఉంటుందని నాకు తట్టలేదు. ఆవిడ లెక్క ప్రకారం ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పనే. అరుగు మీద కూలబడ్డాను. నా మొహం చూసి అత్తయ్య కంగారుపడింది.

"ఏంటే, తక్కువయ్యాయనా? ఎర్రగుడ్డవన్నీ తెచ్చానే! తెల్లగుడ్డవే మరీ దరిద్రంగా ఉన్నాయి. చెయ్యి పెడితే పొడైపోయాయి, ఒట్టి పురుగులు. వాటినేం తెస్తాను? అక్కడే వదిలేశాను. ఎర్రగుడ్డవి చూడు, బెల్లం అచ్చుల్లా ఉన్నాయి. ఒక్క పురుగు ఉంటే ఒట్టు."

తలెత్తి చూశాను. చీర మీదున్న పిడకలన్నీ ఒకేలా, నున్నగా, గట్టిగా ఉన్నాయి. నేను లంకకు వెళ్లి చూద్దామనుకున్నదంతా మా అత్తయ్య వసారాలో కూర్చుని ఉంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో ఆ సాయంత్రం తెలిసింది.

మేడమ్‌కు చెబితే పడీపడీ నవ్వారు. నవ్వడం అయ్యాక, "మీ అత్తయ్య చూశారు. నువ్వు చూడలేదు. మళ్లీ చెయ్," అన్నారు.

ఇంజెక్షన్ల రోజున ఊళ్లో లేనివాళ్ల గేదెలు కొన్ని మిగిలిపోయాయి. సొసైటీవాళ్లు వాటికి తర్వాత వేశారు. అదే నాకు రెండో అవకాశం. ఈసారి అత్తయ్యకు ముందే అంతా చెప్పాను. పేడలో మందు వస్తుందనీ, ఆ పేడ ఎండడం కాదు, ఎన్నాళ్లకు చివికి మట్టవుతుందో చూడాలనీ చెప్పాను. ఆవిడ సాంతం విని, "అయితే ఎవరూ ముట్టుకోకూడదు. నాతో సహా. అంతేగా?" అంది. రోజూ మొదటి నావకే లంకకు వెళ్లి, పాతగొడుగు వేసుకుని నా పుల్లల మధ్య కూర్చోవడం మొదలుపెట్టింది. గేదె అటు వస్తే అదిలించేది, మనిషి వస్తే తిట్టేది. "పరీక్ష జరుగుతోంది, కనబడట్లేదా?" అని ఆవిడ పక్కింటి పిన్నిని కసిరిన కేక అవతలి గట్టు దాకా వినిపించిందట.

సెలవు దొరికిన ప్రతిరోజూ నేనూ వెళ్లేదాన్ని. తెల్లగుడ్డ పేడలు మొదటిరోజే చిల్లులు పడ్డాయి. నల్లటి పేడపురుగులు ఎక్కడినుంచో ఎగిరి వచ్చి, తలతో తవ్వుకుంటూ లోపలికి దిగిపోయేవి. కొన్నాళ్లకు కదిపి చూస్తే పేడకన్నా మట్టే ఎక్కువ. కింద నేల గుల్లబారి, పేడ ఉండలుగా లోపలికి వెళ్లిపోయింది. ఆ ఉండ విప్పితే మధ్యలో తెల్లగా ముడుచుకుని పురుగు పిల్ల. గోరింకలు గుంపుగా వాలి ముక్కుతో తిరగేసి చిమ్మేసేవి. తెల్లకొంగలు హుందాగా నడుచుకుంటూ వచ్చి మిగిలింది ఏరుకునేవి.

ఎర్రగుడ్డ పేడలకు కూడా పేడపురుగులు వచ్చాయి. అది నేను ఊహించలేదు. వచ్చాయి, దిగాయి, చిల్లులూ పడ్డాయి. కానీ ఆ తర్వాత ఏమీ జరగలేదు. విప్పి చూస్తే పిల్లలు లేవు. ఒకటీ అరా కనిపించినా ఎదగకుండా ఉండిపోయాయి. నాలుగు రోజులకు చిల్లులు పూడి, పైన చెక్కు కట్టి మూతలా బిగిసిపోయింది. గోరింక వాలి, రెండు పోట్లు పొడిచి, పక్కదానికి వెళ్లిపోయేది. మూతల చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది. అత్తయ్య కాపలా మానేశాక కూడా గేదె దాన్ని ముట్టుకోలేదు.

నా కళ్లతో నేను చూసిన మొదటి శాస్త్రం అది. పుస్తకంలో చదివింది కాదు, ఎవరో చెప్పింది కాదు. చివరిసారి చూసి సాయంత్రం నావలో వస్తుంటే ఎవరేం అంటున్నారో నాకు వినిపించనేలేదు.

ప్రాజెక్టు రాసి ఇస్తే నా పని అయిపోయేదే. కానీ ఎండలు ముదురుతున్న రోజుల్లో సొసైటీ మీటింగు పెట్టారు. సొసైటీ ప్రెసిడెంటు మాకు పెదనాన్న వరస. ఈసారి వరదకు ముందు ఇంజెక్షన్ కాస్త ముందుకు జరిపి, ఒక్కటీ మిగలకుండా పశువులన్నిటికీ ఒకేరోజు వేయించి, ఆ మర్నాడే వాటన్నిటినీ లంకకు తోలించాలని ఆయన ఉద్దేశం. అలా జరిగితే లంకలో మందులేని పేడ ముద్దంటూ ఉండదు. పురుగులు పిల్లలు పెట్టుకోవడానికి చోటుండదు. ఆపాలంటే ఆ మీటింగులోనే చెప్పాలి. చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మూడురోజులు అన్నం సయించలేదు.

సొసైటీ వసారాలో పాలక్యాన్ల మధ్య అందరూ కూర్చున్నారు. బల్ల దగ్గర పెదనాన్న, పక్కన పశువుల డాక్టరు గారు. నేను గుమ్మం దగ్గర ఆడవాళ్ల వెనక కూర్చున్నాను. అత్తయ్య ఒళ్లో చిన్న గంప ఉంది.

"ఒక్క గేదె కూడా మిగలకూడదు. అన్నిటికీ ఒకేరోజు. ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు పెదనాన్న.

అత్తయ్య లేచింది. "డాక్టరు గారూ, మా పిల్ల ఏదో చెప్తుందంటండి." అని కూర్చుండిపోయింది. జీవితంలో ఎవరి తరఫునైనా తనే మాట్లాడే మనిషి నోరు మూసుకుని కూర్చుంది. నేను లేవక తప్పలేదు.

"గట్టిగా చెప్పమ్మా, వినబడట్లేదు," అన్నారెవరో. నేనింకా ఏమీ అననేలేదు.

గంపలోంచి రెండింటినీ తీసి బల్ల మీద పెట్టాను. ఎర్రగుడ్డ పిడక, తెల్లగుడ్డ కింద మిగిలిన గుప్పెడు పొడి. ఇంటి దగ్గర కంఠతా పట్టిన మాటలన్నీ ఎగిరిపోయాయి. కంటికి ఎదురుగా ఉన్న మాటే అడిగాను.

"పెదనాన్నా, పేడ పడున్నచోట గేదె గడ్డి మేస్తుందా అండి?"

"ఎందుకు మేస్తాది? మూతి తిప్పుకుని పోద్ది."

"లంకలో అలాంటి చోట్లు ఈ రెండేళ్లలో పెరిగాయా, తగ్గాయా?"

పెదనాన్న జవాబు చెప్పేలోపే వెనకనుంచి ఒకాయన, "పెరిగినియ్యండి. నేను అంటానే ఉన్నాను గదా, మీరెవరూ వినలేదు," అన్నాడు.

ఇక ఆగలేదు. పేడలోకి మందు ఎలా వస్తుందో, పురుగు పేడను మట్టిలోకి ఎలా దింపుతుందో, అది ఆగిపోతే గడ్డికీ గోరింకలకూ ఏమవుతుందో చెప్పాను. నేను చూసినంతవరకే చెప్పాను. చూడనిదానికి, "అది తెలియదండి," అన్నాను.

డాక్టరు గారు పిడక తీసుకుని విరిచి చూశారు. "అంటే మందు మానేయమంటావా తల్లీ? పురుగుపట్టిన దూడలు పోతే వీళ్లు నన్నడుగుతారు, నిన్ను కాదు." ఆయన మాటలో వెటకారం లేదు. ఇంజెక్షన్ వచ్చాక మా ఊళ్లో దూడలు బాగా బతుకుతున్న మాట నిజం.

"మానొద్దండి. అవసరమైనవాటికే వేయండి. వేసినవాటిని కొన్నాళ్లు ఇంటి దగ్గరే కట్టేసుకుంటాం. ఆ పేడ ఇంటి దిబ్బలో వేసుకుంటాం. మిగతావి లంకకి వెళ్తాయి."

"కట్టేస్తే మేత ఎవరు కోసుకొస్తారు?" అని ఒకాయన గొణిగాడు. అదీ న్యాయమైన మాటే. కాసేపు వాదులాట జరిగింది. చివరికి డాక్టరు గారే, పేడ పరీక్ష చేసి పురుగులున్నవాటిని తేలుద్దామనీ, తనకు పని పెరిగినా ఫరవాలేదనీ అన్నారు. పెదనాన్న బల్ల మీద చెయ్యేసి, "సరే. ఈ ఏడాదికి ఇలా చూద్దాం," అన్నారు.

ఆ క్షణంలో అత్తయ్య గభాల్న లేచింది.

"ఆగండాగండి. అయితే మళ్లీ పేడంతా పురుగులే తినేస్తాయా? మరి నా ఏరుపిడకలో?"

వసారా ఘొల్లుమంది. నేను నవ్వలేకపోయాను. "తగ్గిపోతాయి అత్తయ్యా," అన్నాను.

ఆవిడ నాకేసి చూసింది. బల్ల మీది పిడక కేసి చూసింది. "తగ్గితే తగ్గనీ. ఇంటి పిడకలు కొట్టుకోలేనా?" అని కొంగు విదిలించి కూర్చుంది.

వెళ్లబోతూ డాక్టరు గారు నా దగ్గర ఆగి, "నీ ప్రాజెక్టు అయ్యాక నాకో కాపీ ఇస్తావా అమ్మా?" అన్నారు. ఇస్తానండి అన్నాను. చాలా గట్టిగానే అన్నానట.

ఇంటికి నడుస్తూ, "నువ్వెందుకు మాట్లాడలేదు అత్తయ్యా?" అని అడిగాను.

"నేను చెప్తే అది పేడ కబురు. నువ్వు చెప్తే చదువు కబురు," అంది.

ఆ ఏడు వరద వచ్చి తీసింది. లంక మళ్లీ పచ్చబడింది. ఊళ్లో అందరూ మాట నిలబెట్టుకున్నారని చెప్పను. ఇద్దరు ముగ్గురు మేత బద్ధకానికి ఇంజెక్షన్ వేసిన గేదెలను కూడా తోలేశారు. కానీ మందలో ఎక్కువ భాగం ఆ ఏడు మందు లేకుండానే మేసింది. ఒక ఆదివారం నేనూ అత్తయ్యా లంకకు వెళ్లాం. తూట్లుపడి, చివికి, గోరింకలు చిమ్మేసిన పేడ ఎక్కడ చూసినా కనబడింది. అత్తయ్య వంగి వంగి వెతికినా పొద్దు వాలేసరికి గంప సగం కూడా నిండలేదు.

తిరుగు నావలో పక్కింటి పిన్ని అందుకుంది. "ఏం వదినా, గంప బోసిగా ఉందే! వయసైపోయి కళ్లు కనబడట్లేదా?"

నేను అలవాటుగా నీళ్లలోకి చూడబోయాను. అత్తయ్య గంప ఎత్తి, నావలో అందరికీ కనబడేలా వంచి, అడుగు చూపించింది.

"కళ్లు కనబడక కాదు. మా పిల్ల చదువు. చూసుకోండి, ఎంత ఖాళీగా ఉందో."

గంప అటు తిప్పి ఇటు తిప్పి, నావ రేవు చేరేదాకా చూపిస్తూనే ఉంది.